పసుపు పూసిన గుండు

ఎర్రగుట్ట కింద జంతువుల తాలింఖానా ఒకటుండేది. ఇప్పటి జిమ్ములన్నీ దాని ముందు పిల్లలాటలు! వీరడనే పొట్టేలు రాతిగుండును కొమ్ములతో నెట్టుకుంటూ పైకెక్కిస్తుంటే, గుట్టే భయపడి కాస్త వంగేది. వాడు బస్కీలు తీస్తుంటే ఆ అదురుకి పక్క తాలూకాలో తాటికాయలు రాలేవి. నమ్మరా? ఆ తాటిచెట్లు ఇంకా ఉన్నాయి, వెళ్లి అడగండి.

వాడి గురువు తెల్లన్న. అరక లాగి లాగి మెడ కాయలు కాసిన ముసలి ఎద్దు.

ఆ ఏడు ఎండలకు వాగులన్నీ ఎండి, దగ్గర్లో గుట్ట కింద ఊట ఒక్కటే మిగిలింది. దానికోసం గొర్రెల మందకూ అడవిపందికీ గొడవ. కుస్తీలో గెలిచినవాళ్లదే ఊట అని అడవి పెద్దలు తేల్చారు. మంద తరఫున దిగే వీరడు ఓడితే మందంతా చంటిపిల్లలతో సహా నక్క ఉండే లోయ దాటి ఏటికి పోవాలి.

పోటీ దగ్గర పడగానే తెల్లన్న గుండుకు పసుపు పూశాడు. అది అక్కడి ఆచారం. పసుపు పూసిన గుండును పోటీ అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు.

"ఇక తిను, పడుకో."

"ఊరికే పడుకుంటే కండ కరిగిపోదా మామా?"

"మేసింది మేసినప్పుడే ఒంటికి పట్టదురా అల్లుడా. పడుకుని నెమరేసినప్పుడు పడుతుంది. కసరత్తూ అంతే."

ఎద్దు మేతకు వెళ్లగానే నక్క దిగింది.

"ఏం బావా, చతికిలబడ్డావ్? ఒంట్లో బాలేదా?"

"విశ్రాంతి."

"ఓహో! అక్కడ పంది ఢీకొడుతుంటే చింతమొద్దు బెరడు లేచిపోతోంది. నీకు విశ్రాంతి కావాల్సొచ్చిందా? ముసలాయన తన ఓపికను బట్టి చెప్పాడులే, పాపం."

"పసుపు పూశారు. ముట్టకూడదు."

"చూసేదెవరు? ఒక్కసారి. నాకోసం కాదు బావా, మీ గొర్రెపిల్లల కోసం!"

వీరడు లేచాడు. "శభాష్! ఇంకొక్కటి!" అంటూ నక్క పొద్దువాలేదాకా వాడిచేత గుండు నెట్టించింది. మర్నాడూ అంతే. మరి పంది? అది బురదలో పడి హాయిగా గుర్రు పెడుతోంది.

పోటీనాడు మొదటి ఢీకి మబ్బులేని ఆకాశం ఉరిమింది! పంది తోక నిక్కబొడుచుకుంది! రెండో ఢీకి...

ఇక్కడ పెంచి చెప్పడానికి నాకు నోరు రాదు. వీరడి ముందుకాళ్లు వణికాయి. పంది గట్టిగా నెట్టను కూడా లేదు. వాడే మోకాళ్ల మీద కూలిపోయాడు.

తెల్లన్న దగ్గరికి వచ్చి చూశాడు. వీరడి కొమ్ముల మొదట్లో పసుపు.

"ఎవరు చెప్పార్రా?"

"నక్క బావ... మన పిల్లల కోసమే అన్నాడు మామా."

తెల్లన్న తిట్టలేదు. ఆ పసుపును నాలుకతో మెల్లగా తుడిచాడు.

"గెలిచేవాడివిరా. ఊరికే పడుకుని ఉంటే గెలిచేవాడివి."

మంద లోయలోకి దిగేసరికి నక్క దారి పక్కన కూర్చుని ఉంది. "రండి రండి. పాపం, పిల్లలు అలిసిపోయారు," అంది. వీరడు దాని మీదికి దూకబోయాడు. కాళ్లు లేవలేదు.

ఏటికి చేరాక మందంతా నీళ్లు తాగింది. ఒక తల్లిగొర్రె మాత్రం తాగకుండా, లోయ వైపు తిరిగి పిలుస్తూనే ఉంది.

నీతి: ఆగమన్న గురువును కాదని "ఇంకొక్కటి" అన్నవాడి మాట వింటే, ఉన్న బలం కూడా అక్కరకు రాదు.