నల్ల చార

పరిశోధన చేస్తున్న పరంజ్యోతికి రాయి అసలు వయసు దొరకడం లేదు.

ఆకాశం నుంచి పడ్డ రాయి అది. ఎక్కడో ఒక గ్రహశకలం పైపొరలో లావా చల్లారి పుట్టింది. తర్వాత ఇంకేదో వచ్చి ఆ శకలాన్ని గుద్దింది. పుట్టినప్పటి నుంచీ రాయిలో ఒక వాయువు కొద్దికొద్దిగా పోగవుతుంది. దాన్ని కొలిస్తే వయసు తెలుస్తుంది. గట్టి దెబ్బ తగిలి రాయి కాలిందంటే ఆ వాయువు ఎగిరిపోయి లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఎన్నిసార్లు కొలిచినా పరంజ్యోతికి దెబ్బ తగిలిన నాటి వయసే వస్తోంది.

దెబ్బ గుర్తులు నల్ల చారల్లో కనిపిస్తాయి. అందుకని అతను సూక్ష్మదర్శిని కింద, బియ్యంలో బెడ్డలు ఏరినట్టు, నల్లవన్నీ ఏరి పారేసి తెల్ల రేణువులే కొలిచేవాడు. అవీ అదే వయసు చెప్పాయి.

ఇంట్లోనూ అతనిది అదే ఏరుడు. ఏడేళ్ళ కూతురు హన్నా కిందటేడు జ్వరంతో పోయింది. ఇక ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దన్నాడు. గౌన్లూ బొమ్మలూ ఎవరికో ఇచ్చేశాడు. భార్య రూతు పాప మాట ఎత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పిల్లంటే ప్రాణం కాబట్టే అలా చేశాడు, పాపం. కానీ రూతుకి అది రెండో చావు. మొన్న ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది.

"పాప అసలు పుట్టనే లేదన్నట్టు బతకడం నా వల్ల కాదండీ," అంది వెళ్తూ.

మర్నాడు పరంజ్యోతి తన గురువు అప్పలాచారి మాస్టారి గదికి వెళ్ళాడు. ఆయన జుట్టు నెరిసింది ఇలాంటి రాళ్ళ మధ్యే.

"ఈ రాయి పాడైపోయింది మాస్టారూ. దెబ్బ తగలనిది ఒకటి ఇప్పించండి. లేదంటే నన్ను ఈ పని నుంచి వదిలెయ్యండి."

మాస్టారికి ఇంటి సంగతి తెలుసు. ఆ ఊసెత్తలేదు. కోతలో మిగిలిన గోరంత ముక్క తీసి ముందు పెట్టారు. పళ్ళ డాక్టర్లు వాడేలాంటి సన్నటి డ్రిల్లు చేతికిచ్చారు.

"ఆ నల్లదంతా తీసెయ్యి."

"మొత్తం తియ్యాలా అండీ?"

"నీకు అక్కర్లేదంటన్నావు కదయ్యా."

పరంజ్యోతి పంతంగా కూర్చున్నాడు. మొదటి చార తియ్యగానే ముక్క రెండుగా విడిపోయింది. డ్రిల్లు జారిందేమో అనుకుని రెండోది మరింత మెల్లిగా తీశాడు. అక్కడా విడిపోయింది. సాయంత్రానికి పళ్ళెంలో నూకలు మిగిలాయి.

దెబ్బ వేడికి కరిగిన రాయే పగుళ్ళలోకి పారి, గట్టిపడి, నల్ల చారలై, ఇన్నాళ్ళూ ఆ ముక్కల్ని పట్టుకుని ఉంది. ఈ సంగతి పరంజ్యోతి ఎన్నోసార్లు చదివాడు, విద్యార్థులకి పాఠంగా చెప్పాడు కూడా.

"ఏమీ మిగల్లేదండీ," అన్నాడు.

బల్ల మీది నల్లపొడిని చెత్తబుట్టలోకి దులపబోయాడు. మాస్టారు చెయ్యి పట్టుకున్నారు.

"పారబొయ్యకు. అదీ రాయే."

పరంజ్యోతి ఆ పొడిని మళ్ళీ పళ్ళెంలోకే ఎత్తాడు. తర్వాత బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని రూతుకి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తింది.

"హన్నా..." అన్నాడు.

అవతల రూతు ఏడుపు వినిపించింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.