ఎత్నవ్వ చుట్టిన నేల

"గురువుగారూ, మన తాతలు పరాయి ఒడ్డుల మీద పడి ఎందుకు దోచుకున్నారు? అంత దోచినవాళ్ళు చివరికి ఇక్కడికొచ్చి బుద్ధిగా గొర్రెలెందుకు కాసుకున్నారు?"

అడిగినవాడు కెటిల్. వెయ్యేళ్ళ కిందటి మాట, ఉత్తరాన చలిసముద్రం మధ్య ఒక దీవిలో. మనం వైకింగులంటాం చూడండి, ఆ ఓడదొంగల మనవలు అక్కడ కాపురాలు పెట్టుకున్నారు. కొమ్ముల టోపీలు బొమ్మల్లోనే లెండి. అక్కడున్నవి ఉన్ని టోపీలు, ఎర్రబడ్డ ముక్కులు. చట్టాన్ని రాసిపెట్టుకునే అలవాటు లేదు కనుక దీవి చట్టమంతా హాల్వార్డ్ అనే పెద్దాయన నోట ఉండేది. దాన్ని ఆయన దగ్గర వల్లెవేసి నేర్చుకుంటున్న శిష్యుడే ఈ కెటిల్.

పైకి చరిత్ర అడిగినట్టుంది గానీ, వాడి కడుపులో ఉన్నది వేరు. వాడు ఇంట్లో మూడో కొడుకు. తండ్రి పొలం ముగ్గురికీ పంచితే తన వాటాకి ఒక గొర్రె కాళ్ళు చాపుకుని పడుకునేంత వస్తుంది. ఆ రోజే ఓర్మ్ అనే నాయకుడు దక్షిణపు ఒడ్డు మీదికి దోపిడీకి ఓడ తీస్తున్నాడు. ఒక తెడ్డు దగ్గర కెటిల్‌కి చోటుంచాడు కూడా. పోటు తగ్గి నీరు వెనక్కి తీయగానే బయల్దేరతారు. తాతలు చేసింది సబబేనని గురువు నోట ఒక్క ముక్క వస్తే చాలు, నిశ్చింతగా ఓడెక్కుదామని వాడి ఆశ.

ఎందుకు దోచారంటే దీవిలో తలా ఒకటి చెప్పేవారు. భూమి చాల్లేదని ఒకరు, రాజుల పెత్తనం పడలేదని ఒకరు, అవతలి ఒడ్డున మఠాల్లో వెండి కాపలా లేకుండా పడుందని ఒకరు. హాల్వార్డ్ ఇవేవీ ఎత్తలేదు.

"ఎత్నవ్వ ఇవాళ పెయ్యను తిప్పుతోంది. సాక్షి కావాలిట. వెళ్ళు," అన్నాడు.

పెయ్యను తిప్పడమంటే ఏమిటో చెప్పాలి. ఆ దీవిలో ఎవరికీ చెందని నేల మీద ఆడమనిషి హక్కు కోరితే, వసంతకాలంలో ఒక పగలంతా రెండేళ్ళ పెయ్యను పట్టుకుని నడవాలి. పొద్దుగూకేలోగా ఎంత మేర చుట్టి వస్తే అంత ఆమెది. చట్టం తెలిసిన సాక్షి వెనకే నడవాలి, పలుపు ముట్టుకోకూడదు. సాక్షి మధ్యలో వెళ్ళిపోయాడో, నడకంతా వృథా. ఇలా చుట్టడానికి దీవిలో మిగిలింది ఒక్క కొండవాలే.

ఎత్నవ్వ ఎవరో కాదు, ఓర్మ్‌ని కన్నతల్లి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఓర్మ్ తండ్రి ఆమెని ఆ దక్షిణపు ఒడ్డు నుంచే కట్టి తెచ్చాడు. కొన్నేళ్ళకి కట్లు విప్పి, పెళ్ళాడాడు.

ముందు పెయ్య, పక్కన అవ్వ, వెనక కెటిల్. వాడికి మనసంతా ఓడరేవు మీదే ఉంది.

"అవ్వా, మావాళ్ళు మీ ఊరి మీదికి ఎందుకొచ్చారో మీ ఆయన ఎప్పుడైనా చెప్పాడా?"

"భాష వచ్చాక అడిగాను. మా పొలం నిండా రాళ్ళే, అన్నాడు. మా పొలం నిండా కూడా రాళ్ళే, మేం ఏరుకునేవాళ్ళం, అన్నాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. ఆ సాయంత్రం చేపలు తనే శుభ్రం చేశాడు. చెడ్డవాడని చెప్పలేనురా నాయనా. అదే కదా నా బాధ."

అప్పుడు మోగింది కింద కొమ్ముబూర. తెరచాప లేస్తోంది. ఓర్మ్ నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టి అరిచాడు.

"అమ్మా! పెయ్య ఒకటే అన్నావు, ఇక్కణ్ణించి రెండు కనిపిస్తున్నాయే!"

ఓడలోవాళ్ళు పగలబడి నవ్వారు. కెటిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు పరిగెత్తితే ఓడ అందుతుంది. అవ్వ వెనక్కి తిరిగి చూడలేదు.

"పోతే పోరా. దారి పెయ్యకీ తెలుసు. సాక్ష్యం చెప్పడమే దానికి రాదు."

"నీ కొడుక్కి బోలెడు నేలుందిగా అవ్వా! ఈ వయసులో నీకెందుకీ కొండ? ఎవరి కోసం?"

"వాడు పోయేది మా ఊరి వైపు. నేనెంత చెప్పినా వినలేదు. వట్టి చేతులతో రాడు, ఎవరో ఒక పిల్లని కట్టి తెస్తాడు. ఏడ్చో మొత్తుకునో కట్లు విప్పిస్తాను. విప్పాక ఆ పిల్ల నిలబడ్డానికి వాడిది కాని నేల కొంచెం ఉండాలి కదా." పెయ్య మెడ నిమిరింది. "నన్ను విప్పిన రోజున నాకు అలాంటి చోటు లేదు. అందుకే నన్ను కట్టి తెచ్చినవాడి గుమ్మంలోనే నిలబడిపోయాను."

కెటిల్‌కి ఓడలో తన చోటు కళ్ళకి కట్టింది. ఆ ఓడలు ఇరుకు. కట్టి తెచ్చినవాళ్ళని కూర్చోబెట్టడానికి తెడ్డువేసేవాడి మోకాళ్ళ దగ్గర తప్ప వేరే చోటుండదు.

బూర మళ్ళీ మోగింది. పెయ్య ముందుకి లాగింది. కెటిల్ దాని వెనకే అడుగేశాడు. కాసేపటికి తెరచాప కొండమలుపు దాటిపోయింది.

ఇవాళ ఆ ఉత్తరపు దీవుల్లో చేపలు పట్టుకుంటూ, బస్సులు నడుపుకుంటూ, పిల్లల్ని బడికి దింపుకుంటూ బతికేవాళ్ళున్నారే, వాళ్ళ రక్తంలో తెడ్డువేసినవాళ్ళూ ఉన్నారు, ఆ ఓడల్లో కట్టి తేబడ్డవాళ్ళూ ఉన్నారంటారు చదువుకున్నవాళ్ళు. రెండు పాయల్ని విడదీసి, ఇదిగో ఇది మాది, అది మాది కాదు అనే వీలు వాళ్ళకి లేదు.

పొద్దుగూకకముందే అవ్వ బయల్దేరిన రాయి దగ్గరికి చేరింది. కెటిల్ గురువు ఇంటికొచ్చి, ఏ వాగు మొదలు ఏ గుట్ట దాకా ఆమె చుట్టిందో తప్పు పోకుండా అప్పజెప్పాడు. హాల్వార్డ్ తలూపాడు. ఆమె హక్కు నిలిచింది. అప్పుడు గానీ వాడి ఉక్రోషం బయటికి రాలేదు.

"ఓడ పోయింది. వెండి రాలేదు. మిగిలిన ఒక్క నేలకీ ఇంకొకరి తరఫున నేనే సాక్షినయ్యాను. పోనీ, అడిగినదానికి మీరు సమాధానమైనా చెప్పలేదు!"

హాల్వార్డ్ వాడి బురదకాళ్ళ వంక చూశాడు.

"మీ తాత ఓడెక్కేముందు ఏ కొండ మీదా ఇలా ఎవరి వెనకా నడిచి ఉండడురా. నడిచుంటే ఆయన ఓడా నీ ఓడలాగే వెళ్ళిపోయేది," అన్నాడు. "పో, కాళ్ళు కడుక్కో."