దస్తగిరి టీవీ చూసిన రోజు

దస్తగిరికి పెద్ద టీవీ కొనాలని పట్టుకుంది. మామూలు పెద్దది కాదు, గోడంత పెద్దది.

తాడిపత్రి బస్టాండు దగ్గర టీవీల షాపు వాళ్లు పాత సరుకు వదిలించుకుంటూ బయట గుడ్డ కట్టారు. సగం ధరకే అని దాని మీద ఎర్రటి అక్షరాలు. పరుపులకు దూది తెచ్చుకోవడానికి ఆ దారిన పోయినప్పుడల్లా దస్తగిరి మెడ అటే తిరిగేది. ఒక ఆదివారం పొద్దున పని మధ్యలోనే లేచి, ఒంటి మీద దూది కూడా దులుపుకోకుండా పెన్న ఒడ్డున ఉన్న దర్గాకి పోయాడు.

ఆ దర్గాలో జమాలయ్య తాత ఉంటాడు. పేరుకు ఫకీరు. నులక మంచాలు అల్లుకుని బతుకుతాడు. ఎవరైనా వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే ముందు "మంచమా?" అని అడుగుతాడు. కాదంటేనే తక్కిన మాటలు. దస్తగిరి పెళ్లికి ముందు నుంచీ ఆయన శిష్యుడు. మంచి జరిగినా చెడు జరిగినా ఇక్కడికొచ్చి చెప్పుకోనిదే అతనికి తోచదు.

"తాతా, నేను టీవీ కొంటాండా. వద్దని మాత్రం చెప్పొద్దు" అన్నాడు వస్తూనే.

"చెప్పనులే. ఆ కొస గట్టిగా పట్టుకో."

దస్తగిరి నులక కొస పట్టుకున్నాడు. కానీ నోరు ఆగలేదు.

"ఆశ పనికిరాదు, ఉన్నదాంతో తృప్తి పడాల, ఇవన్నీ నాకు తెలుసు. నువ్వు చెప్పినా ఈసారి వినేది లేదు."

"నేనేమన్నా అంటినా?"

"అంటావని చెప్తాండా."

తాత నులక లాగి బిగించాడు. "ఎంత ఉంటాదేం?"

"ఇంత" అని దస్తగిరి రెండు చేతులూ చాచాడు. నులక కొస జారిపోయింది. "చాంబాషాన్న ఇంట్లో ఉండేదానికంటే పెద్దది తాతా!"

తాత వదులైపోయిన వరసకేసి చూశాడు. దాన్ని అట్లాగే వదిలేసి, తలకు గుడ్డ చుట్టుకుని లేచాడు.

"పా. నేనూ చూస్తా."

చాంబాషా దస్తగిరికి పెదనాయన కొడుకు. ఇద్దరి నాయనలూ ఒకే విల్లుతో దూదేకి, ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాళ్లు. చాంబాషా మాత్రం చిన్నప్పుడే బండల ఫ్యాక్టరీలో పనికి చేరి, నిదానంగా తానే ఒక ఫ్యాక్టరీ పెట్టి, మేడ కట్టాడు. మొన్న క్రికెట్ ఫైనల్ రోజు చుట్టాలందరినీ ఇంటికి పిలిచాడు. దస్తగిరి తన కూతురు షమీనాను తీసుకుపోయాడు. ఏడో తరగతి చదివే ఆ పిల్లకు క్రికెట్ అంటే ప్రాణం. అన్నం తినమంటే స్కోరు అడిగే రకం.

షమీనా పోయి సోఫా అంచున కూర్చుంది. షర్బత్ గ్లాసులు తెచ్చిన చాంబాషా భార్య నూర్జహాను ఆ పిల్ల గౌనుకేసి చూసి, "అమ్మీ, లేచి కింద కూర్చో. సోఫాకంతా దూది అంటుకుంటాది" అంది. నలుగురు నవ్వారు. షమీనా లేచి కింద కూర్చుంది. ఆట అయిపోయేదాకా తలెత్తి టీవీ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆ పిల్ల ఏమీ అనలేదు. ఏడవను కూడా లేదు. కానీ మరుసటి రోజు బడికి పోయే ముందు వాకిట్లో నిలబడి, తడి చేత్తో గౌను తుడుచుకుంటూనే ఉంది. దస్తగిరి అది చూశాడు. ఆ పొద్దే అనుకున్నాడు, ఎట్లయినా సరే వాళ్ల టీవీని మించిన టీవీ తన గోడ మీద ఉండాలని.

షాపులో చల్లగా ఉంది. గోడల నిండా వరసగా టీవీలు, అన్నింట్లోనూ ఒకే రంగు చేపలు ఒకే రకంగా ఈదుతున్నాయి. మెడకు టై కట్టుకున్న ఒక అబ్బాయి ఎదురొచ్చి వాళ్లను అన్నింటికంటే పెద్దదాని ముందుకు తీసుకుపోయాడు.

"డెబ్బై అయిదు అంగుళాలు సార్. ఇంట్లో సినిమా హాలు పెట్టుకున్నట్టే. ఈ పొద్దే ఆఖరు. రేపటి నుంచి ఈ రేటు రాదు. ఒకేసారి కట్టక్కర్లేదు సార్, నెలనెలా కట్టుకోవచ్చు."

దస్తగిరి గుండె పొంగింది. తాత ముఖంలోకి చూశాడు, ఇప్పుడేమంటావు అన్నట్టు.

తాత టీవీ చుట్టూ అటూ ఇటూ తిరిగాడు. వెనక్కి వంగి చూశాడు. ఆ తర్వాత ఆ అబ్బాయిని దగ్గరికి పిలిచాడు.

"నాయనా, ఇది చాంబాషా ఇంట్లో కూర్చుంటే కనిపిస్తాదా?"

"ఎవరింట్లో సార్?"

"చాంబాషా అని, బండల ఫ్యాక్టరీ ఆయన. రెండు వీధులు అవతల మేడ."

అబ్బాయి అయోమయంగా నవ్వాడు. "టీవీ మీ ఇంట్లో గదా సార్ ఉండేది?"

"ఉండేది మా వాని ఇంట్లోనే. కనపడాల్సింది ఆయనకు. ఇది చాలదంటే ఇంకా పెద్దది ఉంటే చూపీ."

చేపలు ఈదుతూనే ఉన్నాయి. పక్కన ఫ్యాన్లు బేరమాడుతున్న ఒకామె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దస్తగిరికి చెవులు వేడెక్కిపోయాయి. తలుపు తోసుకుని బయటికి వచ్చేశాడు.

తాత వెనకే వచ్చాడు. మెట్ల మీదే దస్తగిరి విరుచుకుపడ్డాడు.

"నలుగురిలో నా పరువు తీస్తివి! నీకేం తాతా, నీకు పిల్లా లేదు, ఇల్లా లేదు. నా బిడ్డను లేపి కింద కూర్చోబెట్టినారు. అదంతా మింగేసి ఊరుకోమంటావా? నేను మింగను. నువ్వు చెప్పినా మింగను, ఎవరు చెప్పినా మింగను!"

"నిన్ను మింగమని ఎవరన్నారు?"

దస్తగిరి ఆగాడు.

తాత మెట్టు మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "ఆ పిల్ల కింద కూర్చున్నప్పుడు నువ్వు యాడ కూర్చున్నావు?"

రోడ్డు మీద బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అది పోయి దుమ్ము అణిగేదాకా దస్తగిరి నేలకేసే చూశాడు.

"నేనూ కిందనే తాతా. పాప పక్కనే జరిగి కూర్చుంటి. అందరూ నవ్వితే... నేనూ నవ్వితి."

ఆ మాట అతను ఇంట్లో పెళ్లానికి కూడా చెప్పలేదు.

తాత ఓదార్చలేదు, తిట్టనూ లేదు. "దెబ్బ తగిలింది ఆ ఇంట్లో గదా. మరి ఈ అంగడికి ఎందుకొచ్చినావు?" అన్నాడు. అని లేచి రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

దస్తగిరి కాసేపు ఆ మెట్ల మీదే నిలబడ్డాడు. తర్వాత ఇంటికేసి నడిచాడు. మామూలు నడక కాదు, ఎవరో పిలిచినట్టు నడక. షమీనా వాకిట్లో దూది ఎండకు పరుస్తూ ఉంది.

"పాపా, పా."

"యాడికి నాయనా?"

"చాంబాషా పెదనాయన ఇంటికి."

ఆ పిల్ల ముఖం ముడుచుకుపోయింది. "గౌను మార్చుకుంటా ఉండు."

"మార్చుకోవద్దు. ఇట్లే పా."

చాంబాషా ఇంట్లో ఆదివారం కాబట్టి జనం ఉన్నారు. ఫ్యాక్టరీ భాగస్తులు ఇద్దరు, నూర్జహాను అన్నావదినలు. టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. దస్తగిరి చెప్పులు విడిచి హాలు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అతని చొక్కా మీద, జుట్టులో, కనుబొమల మీద కూడా దూది ఉంది. షమీనా చెయ్యి అతని చేతిలో ఉంది.

"వదినా, ఆ పొద్దు మా పాపను సోఫా మీద నుంచి లేపితివి."

నూర్జహాను గాభరాగా మొగుడికేసి చూసింది. "అయ్యో, నేనేదో మాటవరసకు..."

"నేను ఆ పొద్దే అడగాల్సింది. అడగలేదు. అది నా తప్పు. ఈ పొద్దు అడుగుతాండా."

చాంబాషా టీవీ గొంతు తగ్గించాడు. "ఏమిరా దస్తగిరీ, ఇంత చిన్నదానికి అందరి ముందరా ఇట్లా..."

"లేపింది కూడా అందరి ముందరే గదన్నా."

దస్తగిరి గొంతు పెంచలేదు. పెరుగుతుందని అతనే భయపడ్డాడు గానీ, మొదలుపెట్టాక అది తనంతట తానే నిలబడింది.

"ఈ దూది మురికి కాదు. ఇది మీ నాయన గడ్డంలో ఉండేది. అన్నంలో కూడా పడేది. ఏరి పక్కన పెట్టి అదే అన్నం నువ్వూ తిన్నావు, నేనూ తిన్నా. నీకు మేడ వచ్చింది, నాకు సంతోషమే. కానీ నా బిడ్డ ఒంటి మీద ఉండేది చూసి ఎవరన్నా ముఖం చిట్లిస్తే, ఇంక నేను నవ్వను. మీరు నన్ను పిలవకపోయినా సరే. చుట్టరికం తెగిపోయినా సరే."

చాంబాషా చూపు దస్తగిరి కనుబొమల మీద నిలిచింది. చాలాసేపు అక్కడే ఉంది.

నూర్జహాను మెల్లగా వచ్చి సోఫాలో కొంచెం చోటు చేసింది. "రామ్మా షమీనా, కూర్చో. ఆ పొద్దు నేను అట్లా అనింది తప్పే."

దస్తగిరి కూతురికేసి చూశాడు. "కూర్చుంటావా?"

షమీనా సోఫాను చూసింది. పెదమ్మను చూసింది. తండ్రి చెయ్యి వదిలి, నిటారుగా నిలబడి చెప్పింది.

"ఇప్పుడొద్దు పెదమ్మా. ఇంకోసారి వస్తాం."

బయటికొచ్చి వీధి మలుపు దాకా నడిచారు. ముందు షమీనా, వెనక దస్తగిరి. ఎండలో ఆ పిల్ల గౌను మీద దూది తెల్లగా మెరుస్తోంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.

మలుపు తిరిగాక షమీనా ఆగి, వెనక్కి తిరిగి, నోటినిండా నవ్వింది. "గట్టిగానే అంటివే నాయనా!"

"కాళ్లు వణికినాయి పాపా."

"నావీ." కాస్త దూరం నడిచాక మళ్లీ అంది. "టీవీ కొంటానంటివంట, అమ్మ చెప్పింది. ఇంక కొనవా?"

దస్తగిరి ఆలోచించాడు. పొద్దున్నుంచీ తన చూపు ఆ టీవీ మీద ఉందనుకున్నాడే గానీ, అది ఎట్లా ఉందని ఇప్పుడు అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు.

"పా, పోయి చూద్దాం."

టై కట్టుకున్న అబ్బాయి వాళ్లను చూసి మళ్లీ ఎదురొచ్చాడు. దస్తగిరి ఆ పెద్ద టీవీ ముందు నిలబడి, "చేపలు తీసేసి మామూలు చానెల్ పెట్టప్పా" అన్నాడు. అబ్బాయి వార్తలు పెట్టాడు. చదివేవాడి ముఖం పరుపంత ఉంది.

దస్తగిరి గోడ నుంచి కొలుచుకుంటూ నడిచి ఒక చోట ఆగాడు. "మా గది ఇంతే. ఈడికి గోడ వచ్చేస్తాది. పాపా, ఇట్లా వచ్చి నిలబడు."

షమీనా వచ్చి నిలబడి చూసింది. "బంతి యాడికి పోతాందో చూడాలంటే మెడ తిప్పాల నాయనా. అంపైరు పని చేసినట్టే ఉంటాది" అని పకపకా నవ్వింది.

"అమ్మ కుట్టు మిషను కూడా బయట పెట్టాల్సొస్తాది" అన్నాడు దస్తగిరి. తర్వాత అబ్బాయి వైపు తిరిగాడు. "ఇంత బాగుండేదాన్ని సగానికి ఎందుకిస్తాండారు?"

"పాత మోడల్ సార్. కంపెనీ చేయడం ఆపేసింది."

"చెడిపోతే సామాను దొరుకుతాదా?"

అబ్బాయి టై సర్దుకున్నాడు. "కష్టమే సార్" అని గొంతు తగ్గించి ఒప్పుకున్నాడు. మళ్లీ వెంటనే, "కానీ ఈ రేటు రేపు ఉండదు సార్!" అన్నాడు.

"లేకపోతే పోనీలే" అన్నాడు దస్తగిరి.

ఆ మాట అతనికే కొత్తగా వినిపించింది. అబ్బాయి ఇంకా ఏదో చెబుతుండగానే, టీవీని ఇంకోసారి తీరిగ్గా, ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాడు. నిజంగా బాగుంది. రంగులు కళ్లకు ఇంపుగా ఉన్నాయి. కూతుర్ని తీసుకుని బయటికి వచ్చాడు.

జమాలయ్య తాత టీ కొట్టు బెంచీ మీదే ఉన్నాడు. పక్కన ఖాళీ గ్లాసు. ఎండ ఆయన మోకాళ్ల దాకా వచ్చింది. వాళ్లిద్దరి గౌనూ చొక్కా చూశాడు. వాళ్ల ముఖాలు చూశాడు. యాడికి పోయినారు, ఏమన్నారు అని అడగలేదు.

"ఎట్లుండాది టీవీ?"

"బాగుండాది తాతా."

"మరి ఉత్త చేతులతో వస్తివే?"

"ఈసారి సరిగ్గా చూసినా తాతా."

తాత బెంచీ మీద పక్కకు జరిగి, మూడు టీలు చెప్పాడు.