బుట్ట బోర్లించిన షావుకారు

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న రోజుల్లో, వెదురుకోన అనే రాజ్యం ఉండేది. దానికి మల్లభూపతి రాజు. ఆ కోనలో పిల్లా పెద్దా అందరికీ ఒకటే పిచ్చి, బిళ్ళాట.

పళ్ళెమంత చెక్కబిళ్ళను గాలిలో గిరగిరా తిప్పి విసరాలి. దూరంగా చెట్టుకొమ్మకు మోకాలెత్తున ఒక వెదురుబుట్ట వేలాడుతుంటుంది. బిళ్ళ అందులో పడాలి. ఒక్క విసురుకే పడుతుందా? మీ తరమా, నా తరమా! ఎక్కడ ఆగితే అక్కడినుంచి మళ్ళీ విసరాలి. అలా మూడు చెట్లు, మూడు బుట్టలు. తక్కువ విసుర్లలో ముగించినవాళ్ళదే గెలుపు.

ఈ ఆటకు రాజుగారి తాత మూడు నియమాలు రాతిమీద చెక్కించాడు. బిళ్ళ ఆగిన చోటినుంచే మళ్ళీ విసరాలి. ఆగిన చోట గులకరాయి పెట్టి, దానికి కాలు ఆనించి విసరాలి. బుట్టలో బిళ్ళ ఉంటే లెక్క ముగిసినట్టు.

రాతిమీద లేని ఆనవాయితీలు ఇంకో రెండున్నాయి. ఎవరి విసుర్లు వాళ్ళే లెక్కపెట్టుకుని, తప్పు జరిగితే ఒకటి కలుపుకుని, తమ నోటితో చెప్పాలి. ఓడినవాళ్ళే గెలిచినవాళ్ళ మెడలో దండ వేయాలి. వీటిని చెక్కించాలని ఎవరికీ తోచలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు, పాపం.

ఏటా గెలిచినవాళ్ళకు కొండమీది వెదురుపొదలు ఏడాదిపాటు దక్కుతాయి. ఇద్దరూ సమానంగా నిలిస్తే పొదలు పాతవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఆరేళ్ళుగా అవి ఎర్రక్కవి. ఎర్రక్క బుట్టలల్లే మేదరి మనిషి. గెలిచేది ఆమే అయినా, వెదురు మాత్రం ఇరవై మేదరి ఇళ్ళదీ. అది లేకపోతే ఆ ఇళ్ళలో బుట్ట లేదు, చేట లేదు, పొయ్యిమీద కుండ లేదు.

ఏడో ఏడు ఆమెతో ఆడడానికి మణిగుప్తుడనే కలప షావుకారు వచ్చాడు. బిళ్ళ విసరడం అంతంతమాత్రమే. అయితేనేం, మూడు రోజులు ఆ రాతి ముందు కూర్చుని, అక్షరం అక్షరం చదివి, ఎక్కడెక్కడ సందుందో చూసుకుని మరీ వచ్చాడు.

మొదటి బుట్ట దగ్గర మణిగుప్తుడు తన బిళ్ళను కావాలనే వాగులోకి విసిరాడు. బిళ్ళ తేలుతూ తేలుతూ పోయి, బుట్ట వేలాడుతున్న చింతచెట్టు పక్కన ఒడ్డుకు తగిలింది. జనం గోల పెట్టారు. ఆగిన చోటినుంచి విసరమన్నారు, ఇదిగో ఇక్కడ ఆగింది అన్నాడు షావుకారు, ఏమీ ఎరగనట్టు.

మల్లభూపతి గడ్డం గోక్కున్నాడు. తాతగారి మాట తాతగారి మాటే, రాసింది రాసినట్టు జరగాల్సిందే అన్నాడు.

రెండో బుట్ట దగ్గర షావుకారు గులకరాయికి బొటనవేలు ఆనించి, నేలమీద బోర్లా పడుకున్నాడు! పడుకుని, చేతులు చాచి, మనిషి పొడవూ చెయ్యి పొడవూ కలిసొచ్చేలా విసిరాడు. కాలు ఆనించమన్నారు, నిలబడమన్నారా అని అడిగాడు. పిల్లలు పగలబడి నవ్వారు. రాజు మాత్రం నవ్వలేక, కాదనలేక, ఊ అన్నాడు.

అయినా ఎర్రక్క ఎర్రక్కే. రెండు బుట్టలు ముగిసేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు.

మూడో బుట్ట దగ్గర, మొత్తంమీద షావుకారి పదో విసురు చెట్టు కిందికి చేరింది. ఇంకొక్క విసురు కావాలి. అతను తాపీగా వెళ్ళి, బుట్టను కొమ్మనుంచి విప్పి, బిళ్ళమీద బోర్లించాడు. "బుట్టలో బిళ్ళ ఉంది. నా లెక్క పది" అన్నాడు. బుట్ట కదలకూడదని రాతిమీద ఎక్కడుంది చెప్పండి! రాజు మళ్ళీ ఊ అనక తప్పలేదు.

బుట్టను తిరిగి కట్టారు. ఎర్రక్క అప్పటికి తొమ్మిది విసిరింది. పదోది పడితే సమానం, పొదలు నిలుస్తాయి. పడకపోతే ఇరవై ఇళ్ళకు వెదురు లేదు. ఆమె గులకరాయికి కాలు ఆనించి, ఊపిరి బిగబట్టి, విసిరింది. బిళ్ళ కొమ్మల మధ్యనుంచి ఒంపు తిరిగి, వచ్చి బుట్టలో కూర్చుంది.

డప్పులు మోగాయి. మేదరి ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. ఎర్రక్క మాత్రం నేలకేసి చూస్తూ ఉండిపోయింది. విసిరే క్షణంలో ఆమె కాలు గులకరాయిమీదనుంచి జారింది. వెంట్రుకవాసి జారింది, అంతే. ఎవరూ చూడలేదు. ఇరవై ఇళ్ళూ కళ్ళముందు మెదిలాయి. ఆమె చెయ్యెత్తింది.

"కాలు జారింది ప్రభూ. ఒకటి కలుపుకుంటున్నాను. నా లెక్క పదకొండు."

డప్పులు ఆగిపోయాయి. మణిగుప్తుడు నోరు తెరిచాడు. "నీకు మతి పోయిందా ఎర్రక్కా? ఎవరూ చూడలేదుగా!"

"నేను చూశాను షావుకారూ" అంది ఎర్రక్క. దండ తీసుకుని తానే అతని మెడలో వేసింది. కళ్ళు తుడుచుకుంటూనే వేసింది.

అలా పొదలు షావుకారివయ్యాయి. సంబరంగా కూలీలను పిలిచి, వెదురు నరకమన్నాడు. వాళ్ళు నరికారు. నరికిన గడలు ఒకదానికొకటి పెనవేసుకుని పొదలో నిలబడే ఉన్నాయి. నరకమన్నారు, బయటికి లాగమన్నారా అని అడిగి చేతులు కట్టుకున్నారు కూలీలు.

బతిమాలి లాగించుకున్నాడు. బండివాణ్ణి పిలిచి, గడలు బండికెత్తమన్నాడు. ఎత్తాడు. ఎత్తి, చెట్టునీడన కునుకు తీశాడు. ఎత్తమన్నారు, ఎడ్లు కట్టమన్నారా అన్నాడు.

నానాతంటాలు పడి వాగుదాకా చేర్చాడు. అక్కడ తెప్పలవాళ్ళను పిలిచి, వెదురు వాగులో దించమన్నాడు. వాళ్ళు దించేసి గట్టున కూర్చున్నారు. తాడు కట్టలేదు, తెప్ప నడిపే గెడకర్ర వేయలేదు. మీ బిళ్ళలాగే, ఎక్కడ ఆగితే అక్కడే షావుకారూ అన్నారు. ఏడాది వెదురంతా వరదలో గడ్డిపోచల్లా కొట్టుకుపోతుంటే మణిగుప్తుడు గట్టువెంట లబోదిబోమంటూ పరుగెత్తాడు.

దిగువ వాగు మలుపులో ఎర్రక్క పాత బుట్టలు కడుక్కుంటోంది. కొట్టుకొస్తున్న వెదురును చూసింది. ముందు కిసుక్కున నవ్వొచ్చింది, ఎందుకు దాచడం! ఆ వెంటనే ఒళ్ళు మండింది. పచ్చని వెదురు, అది ఎవరికి ఏం అన్యాయం చేసింది? గట్టిగా కేకేసి తనవాళ్ళను పిలిచింది. ఇరవై ఇళ్ళవాళ్ళూ నడుంలోతు నీళ్ళలో దిగి, తాళ్ళు అడ్డం కట్టి, గడ గడనూ ఒడ్డుకు లాగి, మోపులు కట్టి పెట్టారు.

మణిగుప్తుడు రొప్పుతూ వచ్చి చూశాడు. ఒక్క గడ తగ్గలేదు.

"నేను నిన్ను అడగలేదే" అన్నాడు.

"అన్నీ అడిగితేనే చేస్తామా?" అంది ఎర్రక్క. "వెదురు మీది. తీసుకెళ్ళండి."

అతను తీసుకెళ్ళలేదు. ఆ మోపుల పక్కనే కూలబడ్డాడు. అక్షరం అక్షరం చదివినవాడికి, ఆ రాతిమీద లేనిదేదో అప్పుడు కనిపించింది. సిగ్గుతో తల దించుకున్నాడు.

మర్నాడు నిండు కొలువులోకి బంతిపూల దండతో వచ్చాడు.

"మహారాజా, నా లెక్క తప్పు. వాగులో వదిలినందుకు ఒకటి, పడుకుని విసిరినందుకు ఒకటి, బుట్ట బోర్లించినందుకు ఒకటి. నాది పదమూడు."

అని, ఓడినవాళ్ళు చేయాల్సిన పని చేశాడు. దండ ఎర్రక్క మెడలో వేశాడు. వెదురు మోపులూ, పొదలూ ఇరవై ఇళ్ళకూ తిరిగొచ్చాయి.

మల్లభూపతి పొంగిపోయి శిల్పిని పిలిపించాడు. వాగు గురించి ఒకటి, పడుకోవడం గురించి ఒకటి, బుట్ట గురించి ఒకటి, ఇంకా మూడు నియమాలు చెక్కమన్నాడు. శిల్పి ఉలి ఎత్తి, ఆ తర్వాత ఇంకేమైనా సందు దొరికితే ఏం చేయాలి ప్రభూ అని అడిగాడు. రాజు ఎర్రక్కకేసి చూశాడు. ఎర్రక్క మణిగుప్తుడికేసి చూసింది. షావుకారు తన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. శిల్పి ఉలి దించేశాడు.

రాతిమీద చెక్కిన నియమం తెలివికి లొంగుతుంది. మనసులో నిలుపుకున్న నియమం ఎవరూ చూడకపోయినా నిలుస్తుంది.