నాలుగు తర్వాత ఐదే

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పే అలవాటు డాక్టర్ హైమవతి గారికి లేదు. తెనాలిలో ముప్పై ఏళ్లుగా పళ్ళు చూస్తున్న మనిషి ఆవిడ. దగ్గర చేరి పని నేర్చుకునే కుర్ర డాక్టర్లకు ఈ సంగతి మొదటి వారంలో తెలుస్తుంది, రెండో వారంలో ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మహీధర్‌కు ఒళ్ళుతోపాటు చూపుడువేలు కూడా మండుతోంది. వల్లి కొరికింది మరి.

వల్లికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. కింది దవడ పన్ను పుచ్చి, వారం రోజులుగా గోరువెచ్చని గంజి మీదే ఉంటోంది. బుద్ధిగా కుర్చీ ఎక్కుతుంది, నోరు తెరుస్తుంది, తీరా పని సగంలో ఉండగా కొరికి గోడ మూలకు పారిపోతుంది. ఇలా మూడుసార్లయింది. ఇక గుంటూరు పంపి, మత్తిచ్చి చేయించడమే అన్నాడు మహీధర్. ఆ మాట వినగానే తల్లి కోటేశ్వరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. చిన్నప్పుడొకసారి మత్తిస్తే పిల్ల చేతుల్లోంచి పోయినంత పనైంది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను మేడమ్," అన్నాడు మహీధర్. "లైటు తగ్గించాను. పరికరాల ఫొటోలు ముందే పంపాను. ఐదు లెక్కపెట్టగానే చెయ్యి తీసేస్తానని చెప్పి మరీ మొదలుపెట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. ఇలాంటి పిల్లకి మాట వినడం ఎలా నేర్పాలి?"

"ఇంకోసారి చెయ్యి, చూస్తాను," అన్నారావిడ.

కోటేశ్వరి బతిమాలి, బుజ్జగించి వల్లిని మళ్ళీ కూర్చోబెట్టింది. మహీధర్ పుచ్చు తొలిచే మిషను పెట్టి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పుచ్చు ఇంకా ఆవగింజంత ఉంది. ఇంత దూరం వచ్చి ఎవరాగుతారు? "నాలుగుంపావు... నాలుగున్నర... అయిపోయింది బంగారం, అయిపోయింది... నాలుగూ ముప్పావు..." మిషను తీసేలోపే వల్లి పళ్ళు దిగాయి. ఈసారి బొటనవేలు.

హైమవతి గారు తిట్టనూ లేదు, అయ్యో అననూ లేదు. చేతులు కడుక్కుని, మూలన నిలబడ్డ వల్లికి ఐదు వేళ్ళు చూపించారు. పిల్ల వచ్చి కూర్చోవడానికి పావుగంట పట్టింది. మొదట ఉత్త అద్దం పెట్టి ఐదు లెక్కపెట్టి తీసేశారు. మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశారు. బయట బెంచీ మీద జనం గొణుక్కుంటున్నారు. మహీధర్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటికి గానీ ఆవిడ మిషను ముట్టుకోలేదు.

నాలుగు అనేసరికి పుచ్చు అంచు కదిలింది. "మేడమ్, ఒక్క క్షణం పట్టండి, వచ్చేస్తుంది!" అని అరిచాడు మహీధర్.

"ఐదు," అని ఆవిడ చెయ్యి తీసేశారు.

మహీధర్ తల కొట్టుకున్నాడు. వల్లి నోరు మూసుకుని గుటక వేసి, గోడ మూల వైపు చూసింది. అయిపోయింది, ఇక దిగిపోతుంది అనుకున్నాడు. కోటేశ్వరి కూడా అలాగే అనుకుని చేతులు చాచింది. పిల్ల ఆ చేతుల్ని పక్కకు తోసి, ఎవరూ అడక్కుండానే నోరు తెరిచింది.

పుచ్చు తీయడమూ, సిమెంటు పెట్టడమూ అంతా ఐదేసి అంకెల్లోనే. పది నిమిషాల పనికి గంట పట్టింది. కోటేశ్వరి దండం పెట్టబోయి, ఏడుపొచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మహీధర్ బొటనవేలికి ప్లాస్టరు చుట్టుకుంటున్నాడు. సంతోషించాల్సిందే, కానీ గంటసేపు నిలబెట్టిన కోపం ఇంకా దిగలేదు.

"పని అయితే అయింది గానీ మేడమ్, అలాంటి పిల్లకి మాట వినడం ఎలా నేర్పాలో మాత్రం మీరు చెప్పనే లేదు."

హైమవతి గారు తరవాతి మనిషిని పిలవమని చెయ్యి ఊపారు.

"వినని పిల్లయితే, నిన్నెందుకు కొరుకుతుందయ్యా?"