బారోమీటరు మేకు

"ఈ ఏడాది మన పరిశోధన బృందంలో సగం మంది అమ్మాయిలే ఉంటారు" అని మార్చిలో, మహిళా దినోత్సవం వేదిక మీద, భౌతికశాస్త్ర శాఖాధిపతి సోమయాజులు గారు మాటిచ్చారు. జూన్‌లో పేర్లు వచ్చాయి. ఆరుగురూ అబ్బాయిలే. అమ్మాయిల రీడింగులు తప్పుతున్నాయనీ, శాస్త్రానికి మొహమాటాలుండవనీ ఆయన సెలవిచ్చారు.

ఎమ్మెస్సీ చదువుతున్న పైడితల్లి ఆ మధ్యాహ్నమే, ల్యాబు పాఠాలు చెప్పే కాత్యాయని మేడమ్ గదికి వెళ్లింది. హక్కు అడుక్కునేది కాదు, గుంజుకునేది అంటూ దారిపొడవునా కూడగట్టుకున్న మాటలన్నీ గడప దగ్గరే జారిపోయాయి. నోట వచ్చింది ఒక్కటే.

"నిజం చెప్పండి మేడమ్. మా చూపులోనే ఏదైనా లోపముందా?"

ఏది అడిగినా తిన్నగా జవాబు చెప్పే అలవాటు మేడమ్‌కు లేదు. "నినాదాలు దాచుకో, పనికొస్తాయి. ముందు సుత్తి పట్టుకురా" అన్నారు.

ల్యాబు గోడకు గాలి ఒత్తిడి కొలిచే పాతకాలపు పాదరసం బారోమీటరు ఉంది. బృందానికి ఎంపిక పరీక్ష దాని మీదే. కన్ను పాదరసం అంచుకు సమానమైన ఎత్తులో ఉంటేనే రీడింగు సరిగ్గా వస్తుంది. ఎవరో ఆరడుగుల మనిషి ఒకప్పుడు దాన్ని తన కంటికి తగ్గట్టు తగిలించి పోయాడు. పాదరసం దగ్గర స్టూలు ఎక్కరాదని ల్యాబు నియమం. పైడితల్లి ఏడాదిగా మెడ సాచి కిందినుంచే చూస్తోంది. మేడమ్ ఆమె కంటి ఎత్తుకు గోడ మీద గీత గీసి, పాదరసం అంచు ఆ గీత దగ్గరికి వచ్చేలా కొత్త మేకు ఆమె చేతనే కొట్టించారు. బారోమీటరు దించి తగిలించాక సోమయాజులు గారినీ, బృందం నాయకుడు విక్రాంత్‌నీ పిలిచారు.

పొడగరి విక్రాంత్ నిలబడి, పైనుంచి చూసి అంకె చెప్పాడు. సరిచూసేందుకు బల్ల మీద పెట్టిన డిజిటల్ మీటరుతో రెండు మిల్లీమీటర్లు తేడా. అంతే పొడవున్న సోమయాజులు గారు చూశారు. ఆయనకూ అంతే తేడా.

"ఇంత కిందికి పెడితే ఎలా కనిపిస్తుందమ్మా?"

"వంగండి సార్" అంది పైడితల్లి. "మేం ఇన్నాళ్లూ మెడలు సాచలేదా?"

తర్వాత తను నిటారుగా నిలబడి చదివింది. మీటరు చూపిందే చెప్పింది. తలుపు దగ్గర గుమిగూడిన అమ్మాయిలు చప్పట్లు చరిచారు.

"పరీక్ష మళ్లీ పెట్టండి సార్. ఇలా గెలిచానంటే నాకే సిగ్గు" అన్నాడు విక్రాంత్.

సోమయాజులు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "పెడదాం. పైడితల్లి పేరు మాత్రం ఇప్పుడే చేర్చండి."

పైడితల్లి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. కాత్యాయని మేడమ్ మాత్రం సుత్తి ఆయన చేతికందించారు.

"గాలి మారలేదు సార్, మేకు మారింది. ఈ భవనంలో ఇంకెన్ని మేకులున్నాయో జులై పదిహేనులోగా చెప్పండి."