సుతి అంకన్న తాంబూలం

అనగనగా అని చెప్పే ముసలమ్మలు కూడా అప్పటికింకా పుట్టలేదు. అంత పాతకాలం. ఒక ఏటి వెంట మూడు ఊళ్ళుండేవి. పైఊరు, నడిమిఊరు, కిందిఊరు. మూడు ఊళ్ళకీ కలిపి ఒకటే మేళం. ఆ మేళంలో ముగ్గురే మనుషులు.

సన్నాయి చెంచయ్యది. ఆయన సన్నాయి ఎత్తుకుంటే తన్నే ఆవు పాలు చేపేది, ఏడ్చే బిడ్డ ఊరుకునేది, అలిగి పడుకున్న అత్తగారు లేచొచ్చి అన్నం తినేది.

డోలు గురవయ్యది. ఆయన డోలు మీద చెయ్యి వేస్తే చేటలో బియ్యం ఎగిరేవి, చూరులో పావురాలు ఎగిరేవి, మంచం దిగలేని ముసలాయన కాలు కూడా ఎగిరేది.

మూడోవాడు అంకన్న. అంకన్నది సుతి బూర. దానికి వేళ్ళు వేసే రంధ్రాలుండవు. పైకి పోదు, కిందికి రాదు. ఒకటే స్వరం. పెళ్ళి మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఆ స్వరం తెగకూడదు. ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో వదలాలి. బుగ్గలు బూరెల్లా పొంగేవి, కళ్ళు ఎర్రబడేవి. ఆ స్వరాన్ని పట్టుకునే సన్నాయి నడుస్తుంది. అయినా నేల మీద నడిచేవాళ్ళు నేలని చూస్తారా?

"చెంచయ్య వాయించాడు" అనేవాళ్ళు జనం. "గురవయ్య వాయించాడు" అనేవాళ్ళు. అంకన్న గురించి మాత్రం, "వాడూ ఉన్నాడు" అనేవాళ్ళు.

చెంచయ్య సన్నాయి మూతికి పెట్టి ఊదే రెల్లు పీకలు గీకిచ్చేది అంకన్నే. గురవయ్య వేళ్ళకి గుడ్డ చుట్టి, అన్నం మెత్తి, ఎండబెట్టి తొడుగులు చేసిచ్చేదీ అంకన్నే.

ఆ ఊళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. పెళ్ళయ్యాక పెళ్ళికూతురి తల్లి పళ్ళెం తెచ్చి మేళం వాళ్ళకి తాంబూలం ఇవ్వాలి. రెండాకులు, ఒక వక్క, ఒక అరటిపండు. ముందు సన్నాయికి, తర్వాత డోలుకి, ఆఖర్న సుతికి.

ఒకసారి పైఊళ్ళో పెళ్ళి. అంకన్న దగ్గరికొచ్చేసరికి పళ్ళెం ఖాళీ. "అయ్యో, అయిపోయాయే!" అంది పెళ్ళికూతురి తల్లి. అంకన్న కడుపులో కుళ్ళు పుట్టింది. ఆవగింజంత.

ఇంకోసారి కిందిఊళ్ళో పెళ్ళి. ఆ తల్లి అంకన్నని ఎగాదిగా చూసి, "నువ్వెవరి తరపు చుట్టానివి నాయనా?" అంది. కుళ్ళు వక్కంత అయింది.

మూడోసారి నడిమిఊళ్ళోనే, అంకన్న సొంత ఊళ్ళోనే. ఆ తల్లి ఖాళీ పళ్ళెం అంకన్న చేతికిచ్చి, "కాస్త ఇది లోపల పెట్టిరా అబ్బాయ్" అంది. చెంచయ్య, గురవయ్య అరటిపళ్ళు ఒలుచుకుంటూ నవ్వారు. కుళ్ళు డోలంత అయింది. అంత కుళ్ళు కడుపులో పెట్టుకుని మనిషి ఎలా నడుస్తాడో! నడిచాడు పాపం. పళ్ళెం లోపల పెట్టొచ్చాడు.

మేళంలో సుతివాడు నడిమధ్య కూర్చుంటాడు. ఒక చెవి సన్నాయి వైపు, ఒక చెవి డోలు వైపు.

అంకన్న ఇటు తిరిగి చెంచయ్యతో అన్నాడు: "అన్నా, నేను చెప్పానని అనొద్దు. తన డోలు లేకపోతే నీ సన్నాయి ఈగ ముసిరినట్టు ఉంటుందంట. గురవయ్యన్న అంటున్నాడు."

అటు తిరిగి గురవయ్యతో అన్నాడు: "అన్నా, నేను చెప్పానని అనొద్దు. తన సన్నాయి లేకపోతే నీ డోలు వడ్లు దంచినట్టు ఉంటుందంట. చెంచయ్యన్న అంటున్నాడు."

ఆ మాటలు ఇద్దరిలో ఎవరూ అనలేదు. కానీ ఇద్దరూ నమ్మారు. ఎందుకు నమ్మరు? ఎవరి చేతిలో అరటిపండు పొడుగో అని రోజూ ఓరకంట చూసుకునేవాళ్ళేగా!

అలా ఉండగా నడిమిఊళ్ళో మాలకొండమ్మ పెద్దకూతురు పెద్దమ్మి పెళ్ళి వచ్చింది. తాళి కట్టే వేళకి గట్టిమేళం మోగాలి. సన్నాయి, డోలు ఒక్కసారిగా ఉరమాలి. ఎవరు తుమ్మినా, ఎవరు చెడ్డమాట అన్నా వినపడకూడదని ఆ గట్టిమేళం.

"గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు పంతులు.

చెంచయ్య సన్నాయి నోట్లో పెట్టుకుని ఊరుకున్నాడు. 'నేను లేకుండా వాయించమను చూద్దాం' అనుకున్నాడు. గురవయ్య చేతులెత్తి ఊరుకున్నాడు. 'నేను లేకుండా ఊదమను చూద్దాం' అనుకున్నాడు. అంకన్న సుతి ఒక్కటే సన్నగా మోగుతోంది.

ఆ సందులో పెళ్ళికొడుకు మేనత్త తుమ్మింది. అలాంటిలాంటి తుమ్ము కాదు. ఏటి అవతల కూడా వినపడిందట.

అంతే. అక్కడే మేళం విరిగింది. చెంచయ్య ఒక దారి, గురవయ్య ఒక దారి. ఇక పెద్దమ్మి అత్తారింట్లో కుండ పగిలినా ఆ తుమ్మే, దూడ చచ్చినా ఆ తుమ్మే, వాన ఎగ్గొట్టినా ఆ తుమ్మే.

చెంచయ్య ఇంకో డోలువాణ్ణి తెచ్చుకున్నాడు. గురవయ్య ఇంకో సన్నాయివాణ్ణి తెచ్చుకున్నాడు. ఎడ్లు జతమారితే బండి ఎలా పోతుందో అలా పోయింది వాయింపు. ప్రతి పెళ్ళిలోనూ జనం, "ఆ మేళమే ఉంటేనా!" అనుకునేవాళ్ళు.

మూడు ఊళ్ళ పెద్దలు వెళ్ళి అడిగారు. "వాణ్ణి ముందు రమ్మనండి" అన్నాడు చెంచయ్య. "వాడే ముందు రావాలి" అన్నాడు గురవయ్య. మూడు ఊళ్ళ ఆడవాళ్ళు వెళ్ళి అడిగారు. అదే మాట. మూడోసారి పైఊరి ముసలామె ఒకతె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నేను పోయేలోగా ఒక్కసారి కలిసి వాయించండి నాయనా. నా చెవులు మూసుకుపోతున్నాయి" అంది. ఆమె ముందు చెంచయ్య ఏడ్చాడు, గురవయ్యా ఏడ్చాడు. ఏడ్చి ఇద్దరూ అదే మాట అన్నారు. "వాణ్ణి ముందు రమ్మను."

అంకన్న మాత్రం ఒకరోజు ఇటు, ఒకరోజు అటు సుతి పట్టాడు. రెండు మేళాల్లోనూ ఉన్న పాతవాడు ఇతనొక్కడేనని జనం ఇప్పుడు తాంబూలం ముందు ఇతనికే ఇచ్చారు. అంకన్న ఆకులు నోట్లో వేసుకున్నాడు. ఎన్నాళ్ళ కోరిక! నమిలాడు, నమిలాడు. నోరు పండలేదు.

మూడేళ్ళు గడిచాయి. మాలకొండమ్మ చిన్నకూతురు చిన్నమ్మికి సంబంధం కుదిరింది. మగపెళ్ళివాళ్ళు ఒకటే షరతు పెట్టారు. "మీది తుమ్ము పడిన ఇల్లు. ఆ ముగ్గురూ కలిసి గట్టిమేళం వాయిస్తేనే తాళి. లేకపోతే పిల్ల మాకొద్దు."

మాలకొండమ్మ వచ్చి అంకన్న అరుగు మీద కూలబడింది. "అంకన్నా, ఆ ఇద్దరి మధ్యా కూర్చున్నది నువ్వొక్కడివే. ఎక్కడ చెడిందో నీకే తెలియాలి. నా పెద్దదాని బతుకు చూశావుగా. చిన్నదాన్నైనా గట్టెక్కించు" అంది.

అంకన్నకి ఆ మాట నిప్పులా తగిలింది. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే లేచాడు. 'విడగొట్టింది కుళ్ళే కదా. దాంతోనే కలుపుతా' అనుకున్నాడు.

ముందు చెంచయ్య ఇంటికి వెళ్ళాడు. "అన్నా, రేపు చిన్నమ్మి పెళ్ళికి నేనొక్కణ్ణే వాయిస్తున్నా."

"ఒక్క సుతితోనా? మతి పోయిందా ఒరే అంకా?"

"ఏం చెయ్యను, జనం అదే బాగుంటుందంటున్నారు. సన్నాయి, డోలు ఉంటే సుతి వినపడటం లేదంట."

"ఎవడ్రా ఆ మాటన్నది?" అని చెంచయ్య లేచి నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి గురవయ్య ఇంటికి వెళ్ళాడు. అక్కడా అదే చెప్పాడు. గురవయ్యా లేచి నిలబడ్డాడు.

మర్నాడు పందిట్లో అంకన్న నడిమధ్య కూర్చున్నాడు. అటొక చాప ఖాళీ, ఇటొక చాప ఖాళీ. సుతి ఎత్తుకున్నాడు. ఒకటే స్వరం. ఆ పందిట్లో వాళ్ళంతా పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న స్వరమే. ఆ రోజే మొదటిసారి విన్నారు. మాట్లాడేవాళ్ళు మాటలు ఆపేశారు. వంటలవాడు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. "ఇన్నాళ్ళూ ఇది ఎక్కడుంది?" అంది పైఊరి ముసలామె.

కంచె వెనక చెంచయ్య నిలబడి ఉన్నాడు. గడ్డివామి వెనక గురవయ్య నిలబడి ఉన్నాడు. ఒకరికొకరు కనపడరు. చంకలో సన్నాయి ఎందుకంటే, ఇంట్లో పెడితే ఎలకలు కొడతాయని. మెడలో డోలు ఎందుకంటే, ఎండకి పెడదామని. అలా అనుకున్నారు మరి!

"గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు పంతులు.

పెళ్ళికొడుకు తండ్రి చెయ్యెత్తాడు. "ఆగండి. ఆ ఇద్దరూ ఏరి? మాట తప్పావు మాలకొండమ్మా. లేవరా అబ్బాయ్!"

పెళ్ళికొడుకు సగం లేచాడు. చిన్నమ్మి తల వంచుకునే ఉంది. ఆమె ఒళ్ళోని తలంబ్రాల మీద కన్నీళ్ళు పడుతున్నాయి. అప్పుడు వంటలవాడు గరిటె ఊపుతూ అరిచాడు: "ఎందుకయ్యా వాళ్ళు? మేళమంటే అంకన్నదే!"

ఆ మాట కంచె దాటింది. వామి దాటింది.

"ఏమిట్రా అన్నావు!" అంటూ చెంచయ్య కంచె దూకాడు. "మళ్ళీ అను!" అంటూ గురవయ్య వామి వెనక నుంచి ఉరికాడు. చెరో చాప మీద పడ్డారు. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇప్పటికీ తేలలేదు. అంత గట్టిమేళం ఆ ఏటి వెంట అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. బియ్యం ఎగిరాయి, పావురాలు ఎగిరాయి, పైఊరి ముసలామె కర్ర వదిలేసి ఎగిరింది. ఆ మోతలో తాళి పడింది. పెద్దల్లుడి మేనత్త ఆ రోజు కూడా తుమ్మిందట. తర్వాత ఆవిడే చెప్పింది. ఎవరికీ వినపడలేదు.

మాలకొండమ్మ పళ్ళెం తెచ్చి ముందు అంకన్న దగ్గర ఆగింది. "తీసుకో నాయనా" అంది.

అంకన్న చెయ్యి చాపలేదు. "నాకొద్దు తల్లీ. ఆ రోజు మీ పందిట్లో తుమ్మింది ఆవిడ కాదు, నా కుళ్ళు. చెంచయ్యన్న ఏమీ అనలేదు. గురవయ్యన్న ఏమీ అనలేదు. ఆ మాటలన్నీ నేనే కల్పించాను. ఒక్క తాంబూలం అందలేదని" అన్నాడు.

మాలకొండమ్మ పెద్దకూతురి వంక చూసింది, అంకన్న వంక చూసింది. ఒక తాంబూలం అతని ఒళ్ళో పెట్టి ముందుకి కదిలింది.

చెంచయ్య, గురవయ్య మాత్రం భగ్గుమన్నారు. "ఇక మా మేళంలోకి రాకు" అన్నారు. అంకన్నని తిట్టుకుంటూ ఇద్దరూ ఒకే దారిన వెళ్ళారు. అంకన్న వాళ్ళ వీపులనే చూస్తూ కూర్చున్నాడు. ఒకే దారిన పోతున్నారు కదా అని నవ్వాడట, ఏడుస్తూనే.

ఆ తర్వాత మేళంలో సుతి ఇంకెవరో పట్టారు. అంకన్న ప్రతి పెళ్ళికీ వచ్చి పందిరి బయట రాయి మీద కూర్చునేవాడు. బూర లేదు. బుగ్గలు మాత్రం పొంగేవి.

మూడో ఏడు చిత్తకార్తెలో అంకన్న పోయాడు. నా అన్నవాళ్ళు లేరు. పాడె కట్టడానికి చెంచయ్య, గురవయ్యే వచ్చారు. ఇంట్లో చూస్తే ఒక కుండ. కుండలో సన్నాయి పీకలు, డోలు తొడుగులు. మేళం నుంచి వెళ్ళగొట్టాక కూడా, ఏడాదికింతని గీకి, చుట్టి, ఎండబెట్టి దాచాడు. అడుగున మాలకొండమ్మ ఇచ్చిన తాంబూలం. ఆకులు ఎండి గలగలమంటున్నాయి. ఒక్క ఆకు కూడా చిరగలేదు.

చెంచయ్య పీకలు అరచేతిలో పోసుకుని, "వాడికి నేనంటేనే ప్రాణం. చూడు ఎన్ని పీకలో" అన్నాడు.

"తొడుగులు చూడు ముందు. నీకంటే నాకే ఎక్కువ చేశాడు" అన్నాడు గురవయ్య.

శవం పక్కన కూర్చుని లెక్కపెట్టుకున్నారు ఇద్దరూ. తొమ్మిది పీకలు. తొమ్మిది తొడుగులు. అప్పుడు ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు.

ఆ రోజు నుంచీ ఆ మూడు ఊళ్ళలో పెళ్ళంటే ముందు సుతి ఒక్కటే మోగుతుంది. మూడు ఊపిర్లంతసేపు. అప్పుడెవరూ మాట్లాడరు. తాంబూలం పళ్ళెం ముందు సుతివాడి దగ్గరే ఆగుతుంది. బంతిలో వడ్డించేటప్పుడు కూడా ఇంటి ఇల్లాలు ఆఖరి విస్తరి వైపు చూసి, "అంకన్నకి పెట్టారా?" అని అడుగుతుంది. అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్ళే ఆ పూట అంకన్న.

సన్నాయి ఆయన, డోలు ఆయన ఇప్పటికీ ఓరకంట చూస్తూనే ఉంటారు, సుతివాడి చేతిలో పండు ఎంత పొడుగుందోనని.